మగ్గం గుంట ఎత్తు గుర్రం

సర్కస్‌వాళ్లు గద్వాలలో బక్కచిక్కించి వదిలేసి పోయిన పొట్టి గుర్రాన్ని ఓ నేతగాడు ఇంటికి తెచ్చుకుని రెండేళ్లయింది. భార్య దినాల తర్వాత మళ్లీ రాని అక్క, ఆ గుర్రాన్ని చూడ్డానికి మాత్రం వనపర్తి నుంచి బస్సు దిగింది. ఆయన నేతకు కాళ్లు దింపుకుని కూర్చున్న మగ్గం గుంటలోంచి లేవలేదు.

“గుర్రమంటివి, మేకంత ఉందేందిరా?”

“పిల్లది. పెరుగుతది.”

“ఇంకెప్పుడు పెరుగుతదిరా?”

“పశువుల డాక్టరు పండ్లు చూసి పదహారేండ్లన్నడు. ఆయనకేం తెల్సు!”

“నీ తెలివి సల్లగుండ! ముసలిదాన్ని సాదుతున్నవురా! అగో, పడుగుకు కాచిన గంజి తాగవట్టె!”

“తాగనీ. మళ్ల కాచుకుంట.”

“రేపే పెబ్బేరు సంతల అమ్మెయ్. లేకుంటే నీ గడప తొక్క.”

“ఇప్పటిదాంక తొక్కితే గదా!”

“గుర్రం కోసం తోడబుట్టినదాన్ని ఎల్లగొడ్తవా?”

“గుంటల కూసున్నోనితో అందరు నిలబడి, నా నెత్తితోని మాట్లాడినట్టు మాట్లాడి పోతరక్కా. నీ మరదలొక్కతే వంగి నా మొకం చూస్తుండె. ఇది వంగకుంటనే చూస్తది.”

గుర్రం అక్క కొంగు అందుకుని నమలసాగింది.

“ఇడువే, దొంగముండా! పట్టుకొంగే అది!”

“నేను నేసిందే. రుచి తెల్సు దానికి.”

అక్క ఆపుకోలేక నవ్వేసింది. గుంట గట్టున చతికిలబడింది.

“ఏదే, నా మొకం గూడ జర చూడు.”