మథిల్డే మోసుకొచ్చిన గోల్

ఎర్లెన్‌బుష్‌లో అబద్ధమాడేవాళ్ళకు కొదవ లేదు గానీ, అబద్ధానికి పాలు పట్టి, నీళ్ళు పోసి, పెంచి పెద్దచేసి ఊరంతా తిప్పుకొచ్చేవాడు మాత్రం ఎగోన్ ష్లోట్కే ఒక్కడే. బొగ్గుగని మూతపడ్డాక అతనికి అదే ఉద్యోగం. మధ్యాహ్నం కాగానే ఫుట్‌బాల్ క్లబ్బు క్యాంటీన్‌కు వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఇంకెవరైనా ఉంటే పక్కన నిలబడి దగ్గుతూ ఉంటాడు. కాసేపటికి వాళ్ళే లేచిపోతారు.

క్యాంటీన్ నడిపేది రోజ్‌విటా. బీరు గ్లాసులు తుడుస్తూ ఇన్నేళ్ళుగా ఆ కోతలన్నీ వింటూనే ఉంది. మామూలు రోజుల్లో అవి ఈ చెవిన వచ్చి ఆ చెవిన పోయేవి. ఆ శనివారం మాత్రం ఒక్క ముక్కా పోలేదు.

కారణం ఉంది. మర్నాడు గ్లుకౌఫ్ ఎర్లెన్‌బుష్ క్లబ్బుకు డెబ్బై ఐదేళ్ళ పండగ. క్లబ్బు పుట్టి బుద్ధెరిగాక జిల్లా కప్పు గెలిచి పై లీగ్‌లోకి ఎక్కింది పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో ఒక్కసారే. ఆ తర్వాత దిగడమే తప్ప ఎక్కడం లేదు. అందుకని పండగ ఆటలో మొదటి బంతి తన్నే గౌరవం, ఆనాటి ఆఖరి ఆటలో కప్పు తెచ్చిన గోల్ ఎవరు కొట్టారో వాళ్ళకు, వాళ్ళు లేకపోతే వాళ్ళ ఇంటివాళ్ళకు ఇవ్వాలని కమిటీ తీర్మానించింది. “ఆ పేరేదో మీ పెద్దవాళ్ళే తేల్చి సాయంత్రానికి చెప్పండి” అనేసి, ప్రెసిడెంటు కుర్రాడు ఉల్రిష్ మైదానంలో సున్నపు గీతలు వేయించడానికి పోయాడు.

ఆ గోల్ కొట్టింది రోజ్‌విటా నాన్న కాన్రాడ్ డెంబెక్. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుని ఎప్పుడో పోయాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఎగోన్ చెప్పే కథలో గోల్ డెంబెక్‌ది, పాస్ ఎగోన్‌ది. డెంబెక్ విని నవ్వేవాడు. “పోనీలేవే, వాడి నోరు వాడిది, మన సొమ్మేం పోయింది” అనేవాడు కూతురితో. ఆయన్ను పూడ్చిపెట్టిన ఏడాదికి పాస్ డెంబెక్‌దీ, గోల్ ఎగోన్‌దీ అయ్యాయి. ఈమధ్య ఆ కథలో డెంబెక్ ఊసే ఉండటం లేదు. కాదనడానికి ఆ జట్టులోవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

రోజ్‌విటాకు లోపల మండిపోతోంది. కానీ ఏమని అడుగుతుంది? అప్పటికి తనకు ఎనిమిదేళ్ళు. “చిన్నపిల్లవి, నీకేం గుర్తుందే” అంటే నోరు మూసుకోవాల్సిందే. నాన్న గోల్ కోసం నలుగురి ముందు చెయ్యి చాచడానికి మనసూ ఒప్పలేదు. అందుకని గ్లాసులు తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది.

బల్ల దగ్గర శ్రోతలు ఇద్దరే. ఒకడు బ్రూనో గలెట్స్కి, గనిలో నీళ్ళ పంపుల దగ్గర పనిచేసినవాడు, ఎగోన్‌లాగే పందెం పావురాలు పెంచుతాడు. రెండోవాడు లోథార్, రైలింజన్ నడిపి రిటైరై వేరే ఊరినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు.

“ముందే చెప్తున్నా, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు,” అని ఎగోన్ ఉప్పునీళ్ళలో ఊరిన గుడ్డు పెంకు వలవడం మొదలుపెట్టాడు. “ఆ సీజన్ మొదటి ఆటలో నేను చేసింది ఏమంత లేదు. బంతి గీత దాటబోతుంటే కాలు అడ్డం పెట్టా. ఎవడైనా పెడతాడు. కాకపోతే నా బూటుకి అడుగు లేదు, ముందురోజే ఊడిపోయింది, ఉత్త పాదంతో ఆపా. అది చిన్న విషయం, దాన్ని వదిలేయండి.”

“వదిలేశాం,” అన్నాడు బ్రూనో.

“అక్టోబర్లో పొగమంచు పట్టింది చూడూ, ఏం మంచనుకున్నావు! సైకిలు గోడకి ఆనించి లోపలికి పోయా. ఆట మధ్యలో గుర్తొచ్చింది, ఆ వైపు గోడే లేదు కదా అని. మంచుకి ఆనించానన్నమాట. పడలేదు కూడా. సరే, అలాంటి మంచులో నేను బంతిని పైకి తన్నా. పోయింది. రాలేదు. రెఫరీ పైకి చూశాడు, వాళ్ళూ చూశారు, మేమూ చూశాం. ఎక్కడో ఇరుక్కుంది. మెడలు నొప్పెట్టి ఇళ్ళకి పోయాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“వాన పడిందా?” అన్నాడు లోథార్.

“ఎండ కాసింది! బుధవారం మంచు విచ్చుకుంది, బంతి తిన్నగా వచ్చి గోల్‌లో పడింది. ఆ రెఫరీ నిజాయితీపరుడు, పని మానుకుని సైకిలేసుకొచ్చి, ఈల ఊది మరీ లెక్కలో వేశాడు.”

“బుధవారం గోల్‌కీపర్ ఉండడుగా అక్కడ?”

“ఉండకపోవడం వాడి తప్పు. నన్నంటావేం?”

ఎగోన్ గుడ్డుకు ఆవపిండి ముద్ద అద్దుకుని సగం కొరికి, మిగతా సగంతో గాల్లో మైదానం గీశాడు.

“జనవరిలో నేల ఇనుమైపోయింది. బంతి ఒకటి తన్నానా, అది ఒక్క దెబ్బకి ఎగిరి మన గని నోట్లో పడింది. అడుగుదాకా పోయింది. అయిపోయింది అనుకున్నాం. కింద మనవాళ్ళు ఊరుకుంటారా, మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్ళతోపాటు లిఫ్టులో పైకి పంపించారు. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చింది. దొర్లుకుంటూ పోయి వాళ్ళ కీపర్ కాళ్ళ దగ్గర ఆగింది. వాడు పిసినారి. బొగ్గు పెళ్ళ అనుకున్నాడు! ఇంట్లో పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరూ చూడకుండా ఎత్తి గోల్ వెనక పెట్టుకున్న సంచిలో వేసుకున్నాడు. ఇంకేముంది, గీత దాటింది, గోల్!”

బ్రూనో బీరు పొలమారి దగ్గాడు. రోజ్‌విటాకు కూడా నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“మరి ఆఖరి ఆట?” అన్నాడు లోథార్. “ఈ ఊరొచ్చిన కొత్తలో ఎవరో డెంబెక్ పేరు చెప్పగా విన్నట్టు గుర్తు.”

ఎగోన్ కౌంటరు వైపు చూడలేదు. “కాన్రాడా? బంగారంలాంటి మనిషి, పాపం. ఆ రోజు కాలు బెణికింది వాడికి. గీత అవతల కూర్చుని హాఫ్ టైమ్‌లో మాకు నిమ్మకాయ ముక్కలు అందించాడు. బాగా కోశాడు, ఆ మాట చెప్పాలి.”

రోజ్‌విటా చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నాన్నను కథలోంచి తీసేశారనుకుంది. నిమ్మకాయలు కోయడానికి మళ్ళీ తెచ్చి కూర్చోబెడతారనుకోలేదు. బీరు పంపు వైపు తిరిగింది.

“ఆదివారం, రోడెన్‌ఫెల్డ్‌లో ఆట,” ఎగోన్ జోరందుకున్నాడు. “మోకాలిలోతు బురద. సున్నా సున్నా. రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. నేను మైదానం మధ్యలోంచి తన్నా. ముందు బంతి పోయింది, దాని వెనక నా బూటు పోయింది, దాని వెనక రెఫరీ టోపీ పోయింది. కీపర్ పట్టుకోలేదని అననోయ్, రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకుని దాంతోపాటు వలలోకి, వలతోపాటు వెనకున్న ఫాదరుగారి కాబేజీ తోటలోకి, అక్కణ్ణించి రైలు కట్ట మీదికి పోయాడు. అప్పుడే రైలొస్తోంది. కిటికీలోంచి లోపల పడ్డాడు. పడ్డవాణ్ణి పడ్డట్టే టికెట్టడిగారు.”

“ఆ లైన్లో ఆదివారం రైళ్ళు లేవు,” అన్నాడు లోథార్. మిగతావన్నీ నమ్మినట్టు ఊరుకున్నా రైళ్ళ దగ్గర మాత్రం అతను వదలడు.

“లేవుగా? అందుకే వాడు సోమవారం దాకా అక్కడే కూర్చున్నాడు.”

బ్రూనో గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. “ఆ గోల్ నువ్వే కొట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. నేనారోజు గనిలో పంపుల దగ్గర ఉన్నా, చూడలేదు. కానీ ఒక్క మాట. ఆ కబురు ఊరికి తెచ్చింది మా నాన్న పావురం.”

అప్పట్లో బయటి ఊరి ఆటలకు లారీలో జట్టొక్కటే వెళ్ళేది. ఆట అయ్యాక, వెంట తీసుకెళ్ళిన పావురాన్ని అక్కణ్ణించి వదిలేవారు. గెలిస్తే కాలికి ఎర్రదారం, సమానమైతే తెల్లదారం, ఓడితే ఉత్తకాలు. వీధంతా ఆకాశం వైపు చూస్తూ నిలబడేది. ఈ ఊళ్ళో మగవాణ్ణి తాగుబోతన్నా, దద్దమ్మ అన్నా సర్దుకుంటాడు గానీ, వాడి పావురాన్ని తక్కువ చేస్తే మాత్రం లేచి నిలబడతాడు.

ఎగోన్ లేచి నిలబడ్డాడు. “మీ నాన్న పావురమా! అది ఎగిరేదా, నడిచేదిరా! దారిలో చర్చి కనిపిస్తే ఆగి ప్రార్థన చేసుకునేది. ఆ రోజు వచ్చింది నా మథిల్డే! ఎదురుగాలి, జడివాన. డేగ వెంటపడితే, చివరికి ఆ డేగే అలిసిపోయి దీన్ని దారడిగింది.”

“మా నాన్న ఇంటి కప్పు మీద దిగిందని చెప్పుకున్నారే అందరూ?”

“ఎవడ్రా చెప్పింది? మథిల్డే నా చేతి మీద తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా దిగేది కాదు! నా ఈల వినాలి, నా అరచేతిలో బఠాణీ చూడాలి. మా ఆవిడ పిలిచినా వచ్చేది కాదు, కావాలంటే సమాధిలోంచి లేపి అడుగు!”

రోజ్‌విటా తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. తాజాగా ఒక బీరు పట్టి, నురగ సర్ది, తీసుకొచ్చి ఎగోన్ ముందు పెట్టింది. గొంతు మామూలుగానే ఉంది.

“ఆ రోజు కూడా నీ చేతి మీదే దిగిందా, ఎగోన్ బాబాయ్?”

“ఇంకెవడి చేతి మీద? ఇదిగో, ఈ మణికట్టు మీద! తడిసి ముద్దయిపోయి, గుండె టకటకా కొట్టుకుంటోంది, పాపం.”

“దారం విప్పింది?”

“నేనే! బ్రూనో వాళ్ళ నాన్న నిచ్చెన కింద నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మథిల్డే మీద ఒట్టు!”

“నువ్వెక్కడ నిలబడ్డావు?”

“మా అటక మీద, గూటి ముందు. ఇంకెక్కడ నిలబడతారే? పొద్దున్నించీ అక్కడే. పిట్ట కోసం కాచుకున్నవాడు ఒంటేలుకి కూడా లేవడు, తెలుసా!”

“తెలుసు బాబాయ్,” అంది రోజ్‌విటా. “మరి రోడెన్‌ఫెల్డ్ బురదలో పోయిన ఆ బూటు ఎవరిది?”

పొద్దున్నించీ అటక మీదున్నవాడు రోడెన్‌ఫెల్డ్‌లో ఎలా ఉంటాడని లోథార్ ఎగోన్ కాళ్ళ వైపు చూశాడు. బ్రూనో మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఎగోన్ నోరు తెరిచాడు. దారి లేకపోలేదు. ఆ పావురం నిజంగానే బ్రూనో నాన్న ఇంటి మీద దిగిందని ఒక్క మాటంటే చాలు, గోల్ తనకు మిగులుతుంది. ఆ మాట కోసమే బ్రూనో కాచుక్కూర్చున్నాడు. ఎగోన్ అతని మొహం చూశాడు, తన మణికట్టు చూసుకున్నాడు. తెరిచిన నోరు మూసుకుని కూర్చున్నాడు.

“కింద వీధిలో మా అమ్మా నేనూ ఉన్నాం,” అంది రోజ్‌విటా. “ఎర్రదారం చూపించావు. ఎన్ని గోల్సో దారానికేం తెలుసు? అందరూ అడుగుతుంటే నువ్వు నన్ను చూశావు. చూసి, ‘ఏడు! ఏడూ డెంబెక్కే కొట్టాడు!’ అని అరిచావు. నేను వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా పరిగెత్తి చెప్పాను. సాయంత్రం లారీ దిగిన మా నాన్నను భుజాల మీదికెత్తుకుని అందరూ ఏడు, ఏడు అని కేకలు పెడితే ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఒక్కటే, అదీ మోకాలికి తగిలి దొర్లిందని అన్నాడు.” బల్ల మీది గుడ్డు పెంకులు అరచేతిలోకి ఊడ్చుకుంది. “ఆ రోజు ఏడు ఇచ్చావు బాబాయ్. ఇప్పుడు ఉన్న ఆ ఒక్కటీ లాక్కుని, చేతిలో నిమ్మకాయలు పెట్టావు.”

ఎగోన్ బీరు ముట్టుకోలేదు. నురగ అణిగిపోయింది.

అప్పుడే ఉల్రిష్ తలుపు తోసుకుని వచ్చాడు. చేతులకూ ప్యాంటుకూ సున్నం. “ఏమైంది, తేలిందా? రేపు బంతి ఎవరు తన్నుతున్నారు?”

బ్రూనో, లోథార్ ఎగోన్ వైపు చూశారు. ఎగోన్ గొంతు సవరించుకున్నాడు. “డెంబెక్ కూతురు,” అన్నాడు. “కప్పు గోల్ వాళ్ళ నాన్నది. నేను పావురాన్ని వదుల్తా, అంతే. మథిల్డే మనవరాలి మనవరాలు ఉంది మా గూట్లో.” అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బీరు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగేసరికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. “ఇలా కూర్చో ఉల్రిష్, నీకు తెలీదు గానీ, కాన్రాడ్ ఆ రోజు రోడెన్‌ఫెల్డ్‌లో ఎనిమిది కొట్టాడు. ఎనిమిదోది—”

“ఒక్కటే,” అంది రోజ్‌విటా. “మోకాలితో.”