చెంచయ్య ఇంట్లో ఉయ్యాల

మన చెంచయ్య దొడ్లో చింతచెట్టు ఉందిగా, కాయ విరగకాసి రాలి కింద కుళ్ళిపోతున్నా ఊళ్ళో ఒక్కళ్ళూ ఏరుకోరు, ఎందుకో మీకెవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. ఇటు జరగండి. ఆ సెల్‌ఫోను కాసేపు పక్కన పెట్టవే పిల్లా, అదెక్కడికీ పారిపోదు.

ఆ చెట్టు పక్కనే చెంచయ్య ఇల్లు మొదలుపెట్టాడు. కోడలు నాంచారి అప్పుడే నెల తప్పింది, మనవడు కొత్తింట్లోనే పెరగాలని ముసలాడి పట్టుదల. పునాది తవ్వుతుంటే ఏవో పాతకాలం కుండపెంకులు బయటపడ్డాయి, ఆ కబురు ఎట్లా వెళ్ళిందో ఏమో, తవ్వకాల వాళ్ళు జీపేసుకుని దిగారు, వాళ్ళకో మేడం. ఆవిడ పలుగూ పారా పక్కన పెట్టించి చిన్న చిన్న కుంచెలతో మట్టి ఊడవడం మొదలెట్టింది, మేమంతా పనులు మానుకుని అదే చూడ్డం. అట్లా ఊడవగా ఊడవగా, మూతి మీద చట్టి బోర్లించిన కుండ ఒకటి కనబడింది. అందులో ఏముందనుకున్నారు, బంగారమా? మేమూ అదే అనుకున్నాం. పసిబిడ్డ ఎముకలు.

వెనకటికి బిడ్డ పోతే దూరంగా పంపలేక ఇట్లా కుండలో పెట్టి ఇంట్లోనే పాతుకునేవాళ్ళంట, మేడమే చెప్పింది. ఇల్లు కాస్త పక్కకి జరుపుకోండి, దీన్ని ఉన్నచోటే కప్పేస్తాం అని చెంచయ్యకి మంచిగానే చెప్పింది. నాంచారి కూడా పొట్టమీద చెయ్యి పెట్టుకుని, వద్దు మావయ్యా, ఏ తల్లో దగ్గర ఉంచుకుంది, కదిలించొద్దు అని బతిమాలింది. వింటేగా! జరిపితే వాస్తు చెడుతుందన్నాడు, పట్టుకుపొమ్మన్నాడు. బిడ్డను జీపెక్కించాడు సరే, తల్లిని ఎవరెక్కిస్తారు?

ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు పాలు పొంగించాలా, ఎంత మంట పెట్టినా పొంగవే! చూస్తుండగానే గిన్నెలో పాలు కిందికి దిగిపోయి అడుగున తడిమట్టి మిగిలింది. నేనక్కడే ఉన్నాను.

నాంచారి మగపిల్లాణ్ణి కని ఆ ఇంటికే తెచ్చుకుంది. పిల్లాడికి ఏడుపే లేదు, బాగా ఒళ్ళు చేశాడు, కానీ ఇది పాలివ్వబోతే మొహం తిప్పేసేవాడు, కడుపు నిండినట్టు. దీనికేమో పాలు గడ్డకట్టి జ్వరం. ఒకనాడు దీపాలవేళ ఉయ్యాల దానంతటదే ఊగుతుంటే వెళ్ళి చూసింది. వాడొక్కడే పడుకుని గుటకలు వేస్తున్నాడు, పెదాల మీద తడిమట్టి.

నాంచారి బిడ్డను లాక్కుని చెప్పుల్లేకుండా పుట్టింటికి పరుగెత్తింది, మొగుడూ వెనకే పోయాడు. పుట్టాక వాడు అంతగా ఏడ్చింది అప్పుడే, అదీ ఆ ఇంటివైపు తల తిప్పి. మళ్ళీ తల్లి పాలు తాగేసరికి దానికి తలప్రాణం తోకకొచ్చింది.

చెంచయ్య మాత్రం ఆ ఇల్లు వదల్లేదు. పొద్దుగూకితే చాలు, ఖాళీ ఉయ్యాల పక్కన కూర్చుని ఊపుతూ ఉండేవాడు. ఎందుకయ్యా అనడిగితే, ఆపితే ఆ కుండలో బిడ్డ తల్లి ఏడుస్తోంది, ఆ ఏడుపు నేను వినలేనన్నాడు. మొండిమనిషే గానీ, ఆ మాటకి నాకు జాలేసింది. చెంచయ్య పోయి చాలాకాలమైంది, ఉయ్యాల విప్పడానికి మాత్రం ఎవరూ లోపలికి పోలేదు.

అందుకని అటు పోకండి, చింతకాయలు సంతలో దొరుకుతాయి. తప్పక పోవాల్సొచ్చి, లోపల ఉయ్యాల కిర్రుమన్నదా, తొంగిచూడకండి. తిన్నగా ఇంటికొచ్చి, ముందు మీ ఉయ్యాల్లో బిడ్డ ఉందో లేదో చూసుకోండి.