పెదనాన్న అద్దం

స్కానింగ్ గది పక్కన తెర ముందు ఇద్దరు కూర్చున్నారు. ఆయన బస్సు డ్రైవరు. మిషన్ నడిపేది ఆయన తమ్ముడి కూతురు.

“ఇదేనా నా బుర్ర! మరి ఇందులో నా పాదం ఎక్కడుందే?”

“ఇదిగో, నడినెత్తి కింద. నేను కుంచెతో అరికాలు నిమిరినప్పుడల్లా ఈ చోటు వెలగాలి పెదనాన్నా.”

“వెలగలేదే! షుగరు పాడుచేసింది కాలి నరాల్ని కదా, మధ్యలో మెదడుకేమొచ్చింది?”

“కాలి నుంచి కబురు రావడం తగ్గితే మెదడు కూడా మారుతుందా అని చూస్తున్నాం. అది సరే, నిమిరిన ప్రతిసారీ బటన్ నొక్కావు. ఎలా తెలిసింది?”

“మొహం మీద చిన్న అద్దం పెట్టావుగా. అందులో నీ చెయ్యి కనబడింది.”

“అయ్యో పెదనాన్నా! తగిలితే నొక్కమన్నాను, కనబడితే కాదు.”

“అద్దం ఎదురుగా ఉంటే చూడకుండా ఉండగలనా? ముప్పయ్యేళ్ళ అలవాటు.”

“మరి బస్సులో, బ్రేకు మీద కాలుందో లేదో ఏ అద్దంలో చూస్తున్నావు?”

“ఆ ఫోన్ ఇలా ఇవ్వు తల్లీ. రేపటి బడిపిల్లల ట్రిప్పుకి ఇంకో డ్రైవర్ని చూసుకోమంటాను.”