ఏ డ్రమ్ముకైనా పట్టే మూత

అబద్ధమాడితే నా నోట్లె మిగిలిన నాలుగు పండ్లు ఇక్కడికిక్కడ రాలిపోవాలె అరుణమ్మా, నేను చెప్పేది ప్రతి మాట నిజం. గడప దాటంగనే నిస్సి ఏదని అంత కోపంగ అడుగుతరా ఎవరన్న? కూసో. నువ్వు దానికి ఆఫీసుల మేనేజరువు గావొచ్చు. నేను సువార్తమ్మను, దాని నాయనమ్మను. నీకంటె పెద్ద మేనేజరును.

అది డాబా మీదున్నది. ఏడ్చి ఏడ్చి రెండు నీళ్ల ట్యాంకులు నింపింది. ఏడ్వదా మరి? పొద్దుగాల పది గంటలకు నీకు చూపియ్యాల్సిన పని చూపియ్యకపాయె. చూపియ్యకుంటె ఆ లైబ్రరీ పనే బంద్ పెడ్తనంటివంట.

లైబ్రరీ అంటె నేను పుస్తకాలనుకున్న. కాదంట. బటన్లు, తేదీలు ఒత్తే క్యాలెండర్లు, కిందికి జారే లిస్టులు, గిసొంటి సామానంట. మీ ఆఫీసుల ఒక టీము ఒక ఫ్రేమ్‌వర్క్‌ల, అంటె ఒక తీరు అచ్చుల, సైటు కడ్తదంట, ఇంకో టీము ఇంకోదాంట్ల. ఒకరి బటన్ ఇంకొకరికి పట్టదు. ఒక్క బటన్‌ను ముగ్గురు మూడుసార్లు చేసుడంట. ఏం తెలివమ్మా మీది?

నాకెట్ల సమజైందంటవా? గడ్డపోతారం మందుల కంపెనీల ముప్పై ఏండ్లు డ్రమ్ములకు మూతలు పెట్టిన. ఈ డ్రమ్ముకు ఆ మూత పట్టదు. సరైన మూత ఎతికి ఎతికే నా నడుము గిట్ల వంగింది. నా మనుమరాలు ఏ డ్రమ్ముకైనా పట్టే మూత చేస్తున్నదని తెలిసిన దినం లక్ష మందికి చెప్పిన. మా వాడల అంతమంది లేరు, అది వేరే ముచ్చట.

ఏందీ? ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికిందని చెప్పిందా?

అది చాయ్ తాగదు బిడ్డా. పుట్టినకాడికెల్లి తాగలే.

సరే, ఇటు జరుగు. మేము కొత్త బండి కొన్నా, కొత్త ఇల్లు కట్టినా ప్రార్థన చేసి నూనె రాస్తము. పాస్టరమ్మ ప్రార్థన చేసిచ్చిన సీస ఉన్నదింట్ల. ఇంత పెద్ద పనిని ఒట్టిగ పంపుడేందని, పొద్దుగాల అది తానానికి పోంగనే ల్యాప్‌టాప్ ముంగట కూసున్న. ఒక్క చుక్క రాద్దామనుకున్న, గంతే. సీస మూత వదులుగున్నదని చూసుకోలే. ముప్పై ఏండ్లు మూతలు పెట్టిన చెయ్యి తల్లీ ఇది. సగం సీస కీబోర్డే తాగింది.

పిల్ల నన్నొక్క మాట అనలే. ‘నేనే చాయ్ ఒలికించిననని చెప్త, నువ్వు నోరు తెరువకు నాయనమ్మా’ అన్నది. తిట్టినా బాగుండు.

ఇంద, నా ఫోను చూడు. ఇది మా చర్చి సైటు, మా వాడ పోరడు రాకీ కట్టిండు. ఇది సత్యశ్రీ టైలరింగ్‌ది, దాని ఫ్రేమ్‌వర్క్ వేరంట. ఇది ముత్యమ్మ పచ్చళ్లది, దీనికి ఏ ఫ్రేమ్‌వర్కూ లేదు. మూడిట్ల నిస్సి క్యాలెండరే. పట్టిందా లేదా అని పోయిన వారమే పెట్టి చూసుకున్నది. ఆఫీసోల్లకు పచ్చళ్ల సైటు చూపిస్తె నవ్వుతరని సిగ్గుపడ్డది. ఒత్తు. నా మొద్దు వేళ్లకే పలుకుతది, నీకు పలుకదా?

మూడిట్ల ఒక్కతీరుగ పలికింది గద. నీ మొఖంల కోపం సగం దిగింది, నేను చూసిన.

ఇగ లే. డాబా మీదికి పో. పచ్చళ్ల సైటే చూసిన, పని బంద్ పెట్టనని నీ నోటితోనే దానికి చెప్పి కిందికి తోల్కరా. వచ్చేటప్పుడు వంటింట్ల డ్రమ్ముల నుంచి మూడు గ్లాసుల బియ్యం తే, తిని పోదువు. ల్యాప్‌టాప్ అడ్డమొస్తది, జెర పక్కకు జరుపు. బియ్యం నూనె గుంజుతయని నేనే పాతిపెట్టిన.