నీలకంఠం నడిపిన లిఫ్టు

"పద్దెనిమిది మందిని ఒంటిచేత్తో పైకి లాగినోడిని నేను!" అన్నాడు నీలకంఠం, టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి కళింగపట్నం వైపు నుంచి వలసొచ్చినవాళ్లు చేరే గోల్‌మురి టీకొట్టులో ఆ మాట ఎవరికీ కొత్త కాదు. బిస్టుపూర్ బజారు నడిబొడ్డున మూడంతస్తుల బడా స్టోరులో అతను ఇరవై రెండేళ్లు లిఫ్టు నడిపాడు. స్టోరు మూతపడి ఆరు నెలలైంది. ఇప్పుడక్కడ కింద బ్యాంకు, పైన టైపు ఇన్‌స్టిట్యూటు, ఆపైన పెళ్లిళ్ల హాలు వస్తున్నాయి. ఆ పనిలో ఉన్న తాపీమేస్త్రి ఆదిబాబు, గోళ్లలో సిమెంటు గీక్కుంటూ తలెత్తకుండా కూచున్నాడు.

"అది తర్వాత బావా," అన్నాడు పక్కనున్న ముసలయ్య. "సైకిల్ స్టాండులో వాచ్‌మెన్ పని సంగతి తేల్చు. ఈ పూట చెప్పకపోతే ఇంకోడిని పెట్టుకుంతారు."

"ఉండెహె! ఆ దినం కరెంటు పోనాది. రెండో అంతస్తు దాటి లిఫ్టు ఆగిపోనాది. లోపల పెళ్లి చీరలు కొన్న ఆడోళ్లు ఒకటే ఏడుపు. నేను డాబా మీదకెక్కి లిఫ్టు లాగే చక్రం పట్టుకుని తిప్పినాను. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"ఏటయింది?" అన్నాడు టీకొట్టు పోలరాజు, పాలు కలియబెడుతూ.

"నేను తిప్పితే ఆగుతాదేటి! డాబా దాటీసింది, చక్రంతో పాటు నేనూ లేచిపోనాను, దల్మా కొండ కిందైపోనాది. మాంగో వంతెన దారప్పోగులాగుంది. ఇంకా తిప్పినాను. కళింగపట్నం సముద్రం వచ్చీసింది! వలేత్తన్న జాలరోడు తలెత్తి, 'టైమెంతయింది బావూ' అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"స్టోరు మూసే టైమయింది అన్నాను. దిగుదామంటే ఆడోళ్లు దిగం అంటారు, ఇంకో రౌండు తిప్పు భాయ్ అని ఒకటే గోల!"

కొట్టంతా ఘొల్లుమంది. ఆదిబాబు నవ్వలేదు.

"అలాంటోడిని ఆ మేడ కొన్న కొత్త సాహెబ్ వదుల్తాడేటి?" అన్నాడు నీలకంఠం. " నిన్న నా కాళ్లట్టుకున్నాడు. సోమవారం నుంచి లిఫ్టు డూటీ. ముసలయ్యా, నీ సైకిళ్లు ఇంకోడికి చెప్పీ."

"నీ ఇష్టం," అని ముసలయ్య లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆదిబాబు గోళ్లు గీక్కోవడం ఆపాడు. నీలకంఠం భార్య చిన్నమ్మి రెండు నెలలుగా ఒక్కపూటే పొయ్యి వెలిగిస్తోందని వీధంతా తెలుసు. నోరు విప్పితే నలుగురిలో మనిషి పరువు పోతుంది. విప్పకపోతే సైకిల్ స్టాండు పనీ పోతుంది.

"మావా, ఆ లిఫ్టు లేదు," అన్నాడు.

"రిపేరులో ఉంటాది."

"లేదు మావా. తుక్కుకి అమ్మీసినారు. ఆ లిఫ్టు గొయ్యికి అంతస్తుకో స్లాబేసి చిన్నచిన్న గదులు చేసీసినాం. కిందది బ్యాంకు కాగితాలకి. ఇటికలు నేనే పేర్చినాను. నీకు చెప్పనేక వారం నుంచి తప్పుకు తిరగతన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. నీలకంఠం నోరు తెరిచాడు. ఇంకో కోత కొయ్యి మావా, కొయ్యి, అనుకున్నాడు ఆదిబాబు. నీలకంఠం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెల్సురా," అన్నాడు చివరికి. "మొన్న పోయి చూసినాను. సున్నం కూడా ఏసీసినారు. చెయ్యి పెడితే గోడ ఇంకా చెమ్మగానే ఉంది."

ముసలయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆ స్టాండులో డూటీ ఎన్నింటికి?" అని అడిగాడు నీలకంఠం.

"ఆరింటికి బావా."

"అయిదింటికే ఉంటాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.