తిరిగి వచ్చే తేదీ

కెంటకీ కొండల్లో హార్లో కౌంటీ అనే చిన్న జిల్లా. ఆర్డిత్ ఇంటి వెనక గదిలో, మంచం మీద తెరిచిన చిన్న పెట్టె. అక్క ఆర్డిత్ ఒకటి పెడుతుంటే, ప్రయాణమవుతున్న చెల్లెలు విల్మా దాన్ని తీసేస్తోంది. వాకిట్లో ఆమెని తీసుకెళ్ళే రాయిస్ టాకెట్ వ్యాను ఆగి ఉంది.

"ఆ ఉన్ని స్వెట్టరు తియ్యక్కా. నేను పోయేది ఫ్లోరిడాకి."

"ఫ్లోరిడాలో రాత్రుళ్ళు ఉండవా?"

"ఉంటాయి. ఉక్కపోస్తూ ఉంటాయి."

"ఎవరు చెప్పారు? వాడేనా?"

"రాయిస్ చెప్పక్కర్లేదు, టీవీలో రోజూ చెప్తారు. తియ్యి. ఆ వేడినీళ్ళ సంచీ కూడా తియ్యి."

"అయితే అసలీ పెట్టే వద్దు. దీని తాళం వదులు. దార్లో తెరుచుకుని నీ లోపలి బట్టలు టెనసీ అంతా పరుచుకుంటాయి."

"తాళం బిగుతుగానే ఉంది. ఇదిగో, చూడు."

"గుడ్డసంచీ ఇస్తాను. పెద్దది. పిండి బస్తా అంత ఉంటుంది."

"ఈ వయసులో ఒక మగమనిషితో వెళ్తూ, బట్టలు పిండి బస్తాలో మోసుకెళ్ళనా? ఈ పెట్టే తీసుకుంటాను. దీని జత ఒకటి ఉండాలి కదా, పెద్దది?"

"మీ బావ క్లోవిస్ దగ్గరుంది."

"ఆఁ."

"ఏంటి, ఆఁ?"

"ఏం లేదు. ఆఁ అన్నాను."

"మీ బావ ఇంట్లో ఉండుంటే నిన్ను గడప దాటనిచ్చేవాడు కాదు. ఎక్కడో టొలీడో ఊళ్ళో ఫ్యాక్టరీలో ఉన్నవాడు ఇక్కడి సంగతులు ఏం చూస్తాడు. రేపొచ్చి నన్నే అడుగుతాడు, విల్మా ఏదీ అని. ఏం చెప్పను?"

"ఫ్లోరిడా వెళ్ళిందను."

"ఎవరితో అంటాడు."

"రాయిస్ టాకెట్‌తో అను."

"ఎవడా రాయిస్ అంటాడు."

"అప్పుడు నువ్వు తెచ్చిన కాగితాలు చూపించు. వారమంతా కోర్టు మెట్లెక్కి దిగావుగా. కానియ్యి, చదువు. చదవందే నన్ను కదలనివ్వవు."

"కోర్టుకెళ్ళానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదో అడుగు. క్లర్కు డార్లా కిటికీ ముందు నిలబడి, 'మా చెల్లెలు ఒకడితో లేచిపోతోంది, వాడి నేరాలన్నీ కావాలి' అన్నావట."

"కారణం చెప్పాలేమో అనుకున్నాను."

"అక్కర్లేదు. కోర్టు రికార్డు ఎవరైనా అడగొచ్చు. పేరూ పుట్టిన తేదీ చాలు."

"ఆ ముక్క డార్లా తర్వాత చెప్పింది."

"తర్వాతంటే?"

"నేను మొత్తం చెప్పాక. నా వెనక పాస్టరు గారి భార్య నిలబడి ఉంది."

"బాగుంది. ఇంక పేపర్లో వేయించక్కర్లేదు. చదువు."

"ముందు షెరీఫ్ ఆఫీసు. కొట్లాటలూ ఫిర్యాదులూ యాక్సిడెంట్లూ అక్కడుంటాయి. ఇదిగో. రాయిస్ టాకెట్. పొక్లెయిన్ దొంగతనం."

"ఏంటీ?"

"పొక్లెయిన్. రోడ్డు పని జరిగేచోట నుంచి తోలుకుపోయాడు. అది నడిచే మనిషి కంటే నెమ్మది. షెరీఫ్ కింది డెప్యూటీ కాఫీ తాగడం అయ్యాక బయల్దేరి, నడిచొచ్చి పట్టుకున్నాడు."

"పుట్టిన తేదీ ఏముంది?"

"ఉంది. పంతొమ్మిది వందల తొంభై ఒకటి."

"నా రాయిస్‌కి డెబ్భై దాటాయక్కా."

"ఇంటికొచ్చాక నాకూ తట్టింది. ఈ దొంగ నీవాడి అన్న మనవడు. ఆ టాకెట్లు పేర్లు దాచుకుని దాచుకుని వాడతారు, పాత కోట్లలాగా."

"తెలిసీ ఎందుకు చదివావు?"

"తెచ్చాను కదా అని. అయినా రక్తం ఒకటే."

"ఇంకా?"

"తర్వాత పైన సర్క్యూట్ కోర్టు. నేరాలూ దావాలూ, చిన్నా పెద్దా అన్నీ అక్కడ. అక్కడ కంప్యూటరొకటి పెట్టారు, ఎవరైనా కూర్చుని పేరు కొట్టుకోవచ్చు. నేను ఒంటి వేలుతో కొట్టాను."

"ఏమొచ్చింది?"

"మేక."

"మేకేంటి?"

"పక్కింటి మేక తన టొమాటోలు తినేసిందని దావా వేశాడు."

"గెలిచాడా?"

"మేక గెలిచింది."

"అది నాకు చెప్పలేదు చూడు."

"ఏం చెప్తాడు, మేక చేతిలో ఓడిపోయానని? ఇదింకోటి. లైసెన్సు లేకుండా చేపలు పట్టాడు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేశాడు."

"ఒప్పుకున్నాడు కదా. మంచి మనిషి లక్షణం."

"దొరికిపోయిన మనిషి లక్షణం."

"అంతేనా? కొట్టడం, తిట్టడం, పెళ్ళాల్ని వదిలెయ్యడం?"

"లేవు. ఒకతే పెళ్ళాం. ఆస్పత్రిలో పోయింది."

"తెలుసు. ఆవిడ సమాధికి పూలు పెట్టడానికి నేనూ వెళ్ళాను. అయితే శుభ్రమైన మనిషే."

"ఈ కౌంటీలో శుభ్రం. ఏ కౌంటీ పాపాలు ఆ కౌంటీ బీరువాలో ఉంటాయి. పక్క కౌంటీలో ఏం చేశాడో ఇక్కడ కనపడదు. కెంటకీకి ఎన్ని కౌంటీలున్నాయో ఎరుగుదువా?"

"నూటిరవై. బళ్ళో మనిద్దరం బట్టీ పట్టాం."

"ఓ వారం ఆగు. పక్క రెండూ చూసొస్తాను."

"తర్వాత మిగతా నూటపదిహేడూ?"

"నువ్వాగితే చూస్తాను."

"అక్కా."

"'మా ఆయన పోయాడక్కా, ఒక్కదాన్నే ఉండలేనక్కా' అని ఏడుస్తూ వచ్చావు. ఈ గది ఇచ్చాను. ఇప్పుడు నేనూ ఆ గోడ గడియారమూ మిగులుతాం. అది కూడా వెనకబడి నడుస్తోంది."

"చలికాలం గడిపి వచ్చేస్తానుగా."

"ఎప్పుడు?"

"ఎండలు మొదలయ్యాక."

"తేదీ చెప్పు."

"తేదీ ఎలా చెప్పనక్కా? అదేమన్నా రైలు టిక్కెట్టా?"

"వచ్చేవాళ్ళయితే చెప్తారు."

"సరే. ఏప్రిల్."

"ఏప్రిల్‌లో ముప్ఫై రోజులుంటాయి."

"కిటికీలోంచి ఆయన్ని చూడు పాపం. పొద్దుట్నుంచి వ్యానుకి అదే అద్దం తుడుస్తున్నాడు. ఆ ఒక్క అద్దం అరిగిపోయేలా ఉంది."

"తుడవనీ. ఇదిగో, మొక్కజొన్న రొట్టె కట్టాను. పక్కన ఊరేసిన పంది మాంసం. మధ్యాహ్నం లోపు తినెయ్యండి. వాడిక్కూడా కట్టాను, మేక తినకుండా చూసుకోమను."

"డార్లా ఇంకేం చెప్పింది?"

"ఏం చెప్తుంది? ఏం లేదు. నీ కీళ్ళ మందు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. ఇంకేం చెప్పింది?"

"ఏం లేదన్నాగా. ఆ మందు పైన పెట్టు, కిందకెళ్తే దొరకదు."

"నాకు ఫోన్ చేసిందక్కా. రాయిస్ పేరు కొట్టాక నువ్వు ఇంకో పేరు కొట్టావట."

"ఊరికే. కుర్చీ ఖాళీగా ఉంది, వెనక ఎవరూ లేరు."

"పాస్టరు గారి భార్య?"

"వెళ్ళిపోయింది. ఊరంతా తిరిగి చెప్పాలి కదా, టైము చాలదు."

"ఏం కనపడింది?"

"కనపడింది ఏదో."

"ఏదో అంటే?"

"నీవాడి మీద ఏమీ లేదు. ఉన్నది మనింటి మీదే. మీ బావ మీద."

"ఏముంది?"

"కోర్టులో తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోమని పిలిస్తే రాలేదట. జడ్జి ఆర్డరు. మంగళవారం తొమ్మిదింటికి వచ్చి, ఎందుకు రాలేదో చెప్పుకోవాలట. రాకపోతే డెప్యూటీ వచ్చి పట్టుకెళ్తాడు."

"ఎవర్ని?"

"క్లోవిస్‌ని."

"ఎక్కణ్ణుంచి?"

"ఇక్కణ్ణుంచే. అడ్రసు ఇదేగా."

"డెప్యూటీ వస్తే ఏం చేస్తావు?"

"లోపలికి రమ్మంటాను. అన్ని గదులూ వెతుక్కోమంటాను. వాళ్ళ పని అదేగా. దొరికితే మాత్రం, పట్టుకుపోయే ముందు భోజనం పెట్టనిమ్మంటాను."

"అక్కా, కూర్చో. ఇన్నేళ్ళూ జ్యూరీ కాగితం వచ్చినప్పుడల్లా ఏం చేశావు?"

"జవాబు రాశాను. మా ఆయన పని మీద ఊళ్ళో లేడని. ఎప్పుడూ ఏమీ అనలేదు. కోర్టువాళ్ళు మర్యాదస్తులు."

"అసలు బావకి ఎందుకు వస్తున్నాయవి?"

"ఓటర్ల జాబితాలోంచే జ్యూరీకి పిలుస్తారు. అందులో ఆయన పేరుంది. ఎవరు కొట్టేస్తారు?"

"ఓటు కూడా వేశావా ఆయనది?"

"ఛీ. అది నేరం."

"మరి ఈసారి ఎందుకు రాయలేదు?"

"కాగితం మార్చారు."

"మారిస్తే?"

"ఊళ్ళో లేకపోతే తిరిగి వచ్చే తేదీ వెయ్యమన్నారు. తేదీ లేకపోతే చెల్లదట."

"ఏదో ఒకటి వేసి పడేయాల్సింది."

"వేద్దామనే కూర్చున్నాను. క్యాలెండరు కూడా గోడ మీంచి తీసి పక్కన పెట్టుకున్నాను. ఏ తేదీ వేసినా, ఆ రోజు తెల్లారగట్లే లేచి వాకిట్లోకి చూస్తూ కూర్చుంటాను కదే. నా సంగతి నాకు తెలుసు. అందుకని గడియారం వెనక పెట్టేశాను. పెట్టి మర్చిపోయాను. మర్చిపోలేదు. పెట్టాను."

"నేను కూడా ఓ కిటికీ దగ్గరికి వెళ్ళాను. నిన్న. షెరీఫ్ ఆఫీసుకి."

"నువ్వెందుకు?"

"క్లోవిస్ రిగ్స్‌బీ అనే మనిషి కనపడటం లేదని ఇచ్చిన ఫిర్యాదు నకలు కావాలన్నాను. నేనైతే కారణం చెప్పలేదు."

"ఇచ్చారా?"

"లేదన్నారు. ఎప్పుడూ ఎవరూ ఇవ్వలేదట. నకలేంటి, అసలే లేదు. ఇన్నేళ్ళూ నేనేమనుకున్నానో తెలుసా? నువ్వు ఫిర్యాదు ఇచ్చావు, వాళ్ళు వెతికారు, దొరకలేదు, నువ్వా మాట ఎత్తలేవు, సరే మనమూ ఎత్తొద్దు అని. నువ్వు టొలీడో అంటే టొలీడో అన్నాను. మా పెళ్ళికి బావ ఏడీ అంటే టొలీడో. అమ్మ పోయినప్పుడూ టొలీడో."

"ఏమని ఇవ్వను? పనికెళ్ళాడు. పనికెళ్ళిన మనిషిని కనపడటం లేదంటారా?"

"మొదటి ఏడాది అనరు. తర్వాత?"

"వేసవికి వస్తాడనుకున్నాను. ఆ తర్వాత క్రిస్మస్‌కి. అప్పటి షెరీఫ్ మీ బావకి పెదనాన్న కొడుకు. మొగుడూపెళ్ళాలు ఏం గొడవ పడ్డారు అని అడిగేవాడు."

"పడ్డారా?"

"లేదు. అదే చెప్పుకోలేకపోయాను."

"ఆ ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యలేదా?"

"ఓసారి చేశాను. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. అంత ఫ్యాక్టరీలో అందరి పేర్లూ ఎవరికి తెలుస్తాయి."

"ఎప్పుడు చేశావు?"

"ఆ ఏడాదే."

"అక్కా, నీ చెయ్యిలా ఇవ్వు."

"చెయ్యి వదులు విల్మా. స్వెట్టరు మడత పోతోంది."

"డార్లా ఏమందంటే, షెరీఫ్ దగ్గర ఫిర్యాదు రాయించి దాని నంబరు తెచ్చిస్తే జడ్జి ఆర్డరు తీసేస్తాడట. ఎవరైనా రాయించొచ్చట. నిన్న నేనే రాయించి ఉండొచ్చు."

"మరి రాయించలేకపోయావా?"

"ఆయన నీ మొగుడు. నువ్వు రాయించాలి."

"అందుకా వాడు అద్దం తుడుస్తూ నిలబడ్డాడు?"

"షెరీఫ్ ఆఫీసూ కోర్టూ మీదుగానే పోతాం. ముగ్గురం. పని అయ్యాక నిన్నిక్కడ దింపి, అప్పుడు ఫ్లోరిడా."

"వాడికి చెప్పేశావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. ఆవిడ ఎప్పుడొస్తే అప్పుడే బయల్దేరదాం, నాకు తుడుచుకోడానికి అద్దాలున్నాయి అన్నాడు."

"ఆ పొక్లెయిన్ దొంగ రక్తం."

"అక్కా."

"మంచివాడే అంటున్నాను."

"అక్కడేం అడుగుతారో నాకు తెలుసు. ఒకసారి ఇక్కడ చెప్పి చూడు. నేను అడుగుతాను. కాగితం లేదు, కలం లేదు, భయపడకు. కనపడని మనిషి పేరు?"

"నీకు తెలీదూ?"

"షెరీఫ్‌కి తెలీదు. మీకేమవుతారు?"

"మొగుడు."

"పోలికలు?"

"పొడుగు. ఈ గది గుమ్మంలో వంగి వస్తాడు. ఎడమ చెవి తమ్మె చిరిగి ఉంటుంది, చిన్నప్పుడు కంచె తీగ తగిలి. నవ్వితే చప్పుడు రాదు."

"ఒంటి మీద ఏం బట్టలు?"

"నీలం గళ్ళ చొక్కా. నేనే ఇస్త్రీ చేశాను. కాలరు ఒక పక్క సరిగ్గా రాలేదు. పోనీలే, వచ్చాక చేద్దామనుకున్నాను."

"చేతిలో ఏముంది?"

"దీని జత పెట్టె. నేనే సర్దాను. ఉన్ని స్వెట్టరు పెడితే వద్దని తీశాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాడు. ఇదే స్వెట్టరు."

"ఇదా?"

"వదిలేసి వెళ్ళాడు. టొలీడోలో చలెక్కువ."

"ఎప్పుడొస్తానన్నాడు?"

"చిక్కుళ్ళు మొలిచే వేళకి."

"ఏటా అందుకేనా వేస్తావు?"

"మొలుస్తూనే ఉన్నాయి. మనం తింటూనే ఉన్నాం."

"ఇదంతా అక్కడ చెప్పక్కర్లేదక్కా. వాళ్ళకి కావాల్సింది ఒక్క ముక్క."

"తెలుసు. ఈ స్వెట్టరు పట్టుకెళ్తావా?"

"పట్టుకెళ్తాను. పెట్టు."

"తేదీ చెప్పు."

"ఏప్రిల్ పదిహేను. ఆ రోజు పొద్దున్నుంచీ వాకిట్లో కూర్చో. వస్తాను."

"పెట్టె ముయ్యి. తాళం గట్టిదే, ఊరికే అన్నాను. నా కోటు అందుకో. పద, వాళ్ళని రాసుకోమను. క్లోవిస్ ఏమస్ రిగ్స్‌బీ. పంతొమ్మిది వందల ఎనభై మూడు, మార్చి ఆరో తారీఖు, ఆదివారం పొద్దున ఈ ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు."