చెవి వెనక మచ్చ

సెలూన్ తెరవగానే టైల్స్ షాపు ఓనరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెవి వెనక చిన్న కట్టు ఉంది. బార్బరు ఆయన మెడ చుట్టూ గుడ్డ కట్టి, కత్తెర అందుకున్నాడు.

"నువ్వు చూపించిన మచ్చ తీసేశారోయ్. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే ప్రాణం మీదికొచ్చేదట. ముందు కనిపెట్టింది మా బార్బరంటే డాక్టరు నోరెళ్లబెట్టాడు."

"ఇరవయ్యేళ్లుగా చూస్తున్న తల సార్. మీకన్నా నాకే బాగా తెలుసు."

"ఆస్పత్రిలో ఎవరో వాదిస్తున్నారు, వైద్యం అందరి హక్కట! ఎవడి ఒళ్లు వాడు చూసుకోవద్దూ? నేను చూసుకోలేదా?"

"మీరెక్కడ చూసుకున్నారు సార్? నేను కదా చూసింది!"

"సరేలే, గెలిచావ్. అదేంటి, ఎడమ చేత్తో కత్తిరిస్తున్నావ్?"

"కుడి చెయ్యి మొద్దుబారుతోంది సార్. నాలుగు నెలలైంది."

"నాలుగు నెలలా! ఎవరికీ చూపించలేదా?"

"చూపించాను. ఏవో పెద్ద పరీక్షలన్నారు. అమ్మాయి చదువు అయ్యాక చూద్దామని..."

"మరి నన్ను ఆ రోజే వెళ్లమని పోరు పెట్టావుగా?"

"మీరు వెళ్లగలరు కనక చెప్పాను సార్."

ఓనరు మెడ చుట్టూ ఉన్న గుడ్డ తనే విప్పేశాడు.

"షట్టర్ దించు. నా డాక్టరు దగ్గరికి పోదాం."

"సగం క్రాపుతోనా? జనం నవ్వుతారు సార్."

"నవ్వనీ. నేను వేరే సెలూన్‌కి వెళ్లేవాణ్నయితే నీ చెయ్యి గతేంటోయ్?"

"ఆస్పత్రిలో వాదించినవాళ్లూ అదే అంటున్నారు సార్. మీలాంటి కస్టమరు లేనివాళ్లకీ చేతులుంటాయి కదా."